నారింజ తోక నలికిరి

మారిషస్‌కి ఉత్తరాన, సముద్రంలో పది పన్నెండు కిలోమీటర్లు పోతే ఫ్లాట్ ఐలాండ్ అని ఒక చిన్న దీవి వస్తుంది. విస్తీర్ణం 253 హెక్టార్లు. మా దొర్నిపాడు నల్లరేగడిలో శనగ వేసే రైతులు ఓ అరవై మంది తమ పొలాలు కలుపుకుంటే ఇంచుమించు అంత అవుతుంది. 1995లో ఆ దీవిలో ఒక నలికిరి కనబడింది. తోక నారింజ రంగు. ప్రపంచంలో ఇంకెక్కడా లేదు. 2010లో ఆ దీవికి చుంచు చేరింది. కొద్దికాలంలోనే నలికిరి ఆ దీవి మీద ఒక్కటీ మిగల్లేదు.

చుంచు అంటే మనందరికీ తెలిసిన చుంచే. మూతి సాగి, కళ్లు ఉన్నాయో లేవో అన్నట్టుండి, గోడవారగా కీచుకీచుమంటూ పరిగెత్తేది. మా అవ్వ దాన్ని కొట్టనిచ్చేది కాదు. "దాని కంపుకే పాము ఇంట్లోకి రాదు, పోనీలేరా" అనేది. ఇంగ్లీషు పుస్తకాల్లో దీని పేరుకి ముందు 'ఇండియన్' అని ఉంటుంది. ఒక జాతి తన సొంత దీవిలో అంతరించిపోయిన కథ చదువుతూ, హంతకుడి పేరు దగ్గరికొచ్చేసరికి మన ఇంటి మూలన తిరిగే ప్రాణి కనబడితే ఒక రకమైన ఇబ్బంది కలుగుతుంది. అది ఆ దీవికి ఎట్లా పోయిందని వెతకడం మొదలుపెడితే ఓడలు వస్తాయి. ఆ ఓడల్లో చుంచుతో పాటు మనుషులూ ఉంటారు. వాళ్లలో తెలుగువాళ్లూ ఉంటారు.

ముందు నలికిరి సంగతి. నున్నగా, నూనె రాసినట్టు మెరుస్తూ, పాముకి కాళ్లు మొలిచినట్టుండే పురుగు. నలికండ్ల పాము అన్నా ఇదే. మన పొలాల్లో రాయి ఎత్తితే కిందినుంచి జారిపోతుంది. దీనికి విషం ఉందని భయపడేవాళ్లు చాలామంది, నిజానికి లేదు. మారిషస్‌లో గబ్బిలాలు తప్ప నేలమీద తిరిగే పాలిచ్చే జంతువులు మొదటినుంచీ లేవు. పిల్లి లేదు, ఎలుక లేదు, ముంగిస లేదు. అందుకని వేరే చోట్ల ఎలుకలూ ముంగిసలూ చేసే పనులు కొంతవరకు ఇక్కడ పక్షులూ బల్లులూ నలికిర్లూ చూసుకునేవి. ఇప్పుడు ఎముకలుగా మాత్రమే దొరుకుతున్న ఒక పెద్ద నలికిరి కూడా అక్కడ ఉండేది. లక్షల ఏళ్లు శత్రువు లేకుండా బతికిన ప్రాణికి పారిపోవడం రాదు. గుడ్లు దాచుకోవడమూ అంతగా రాదు.

డచ్చివాళ్లు 1598లో అక్కడ దిగారు, 1638లో కాపురం పెట్టారు, 1710లో వదిలేసి వెళ్లిపోయారు. ఈ మధ్యలోనే డోడో పక్షి పోయింది. నల్లగా ఇనుములా ఉండే ఎబొనీ చెట్లు కొట్టుకుపోయారు. ఓడల్లోంచి ఎలుకలు దిగాయి. తర్వాత ఫ్రెంచివాళ్లు, 1810 నుంచి బ్రిటిష్‌వాళ్లు. అడవి పోయిన చోట చెరుకు వచ్చింది. పెద్ద దీవిలో బతకలేకపోయిన నలికిర్లలో కొన్ని, ఎలుకలు ఎక్కలేని చిన్న చిన్న రాతి దీవుల మీద మిగిలాయి. ఉత్తరాన ఉన్న రౌండ్ ఐలాండ్ అట్లాంటిదే. 219 హెక్టార్ల కొండ. అక్కడికి ఎలుకలు ఎప్పుడూ చేరలేదు. మనుషులు మేకల్నీ కుందేళ్లనీ వదిలారు గానీ, 1979లో చివరి మేకనీ, 1986లో కుందేళ్లనీ తీసేశాక ఆ దీవి మళ్లీ పచ్చబడింది.

రౌండ్ ఐలాండ్‌లో మిగిలిన పెద్ద నలికిరి పేరు టెల్ఫెయిర్ నలికిరి. పేరు పెట్టింది జూలియన్ డెజార్డాఁ, 1831లో. చార్లెస్ టెల్ఫెయిర్ ఐర్లాండ్ మనిషి. గవర్నర్ ఫార్కర్ దగ్గర కార్యదర్శిగా పనిచేశాడు, మొక్కలంటే ప్రాణం, మారిషస్‌లో ప్రకృతి శాస్త్ర సంఘం పెట్టినవాళ్లలో ఒకడు. దాంతోపాటు బెల్ ఓంబ్ర్ అనే చెరుకు ఎస్టేటు యజమాని. అంటే బానిసల యజమాని. తన ఎస్టేటులో బానిసల్ని హింసిస్తున్నారని లండన్‌లోని బానిసత్వ వ్యతిరేకుల పత్రిక రాస్తే, దానికి జవాబుగా 1830లో ఒక పుస్తకమే అచ్చేశాడు. ఆ మరుసటి ఏడే అతని పేరు నలికిరికి ఎక్కింది. 1833లో చనిపోయాడు. ఎస్టేటులో చెరుకు కొట్టినవాళ్ల పేర్లు ఏ నలికిరికీ ఎక్కలేదు.

మారిషస్‌లో బానిసత్వం 1835 ఫిబ్రవరి 1న రద్దయింది. సామ్రాజ్యంలోని యజమానులందరికీ కలిపి రెండు కోట్ల పౌన్ల నష్టపరిహారం కేటాయించారు. నష్టపోయింది యజమానులు అన్నమాట. బానిసలకి ఏమీ ఇవ్వలేదు. రద్దుకి కొన్ని నెలల ముందే, 1834 నవంబరు 2న, అట్లాస్ అనే ఓడ కలకత్తా నుంచి 36 మంది ఒప్పంద కూలీల్ని దించింది. ఆనాడు మొదలైన రాక 1910 దాకా సాగింది. మొత్తం నాలుగున్నర లక్షల మంది. మొదటి ఒప్పందాల్లో జీతం నెలకి అయిదు రూపాయలు, పైన తిండిగింజలు, గడువు అయిదేళ్లు. ఒకరోజు పనికి రాకపోతే రెండ్రోజుల జీతం కోత.

తెలుగువాళ్లు వెళ్లింది ఎక్కువగా కోస్తా జిల్లాల నుంచి. 1832–33 డొక్కల కరువు ఊళ్లకు ఊళ్లని తుడిచిపెట్టింది. 1839లో ఉప్పెన వచ్చి కోరంగి రేవుని ముంచేసింది. ఇవాళ కాకినాడ పోయినవాళ్లు మడ అడవులు చూడటానికి వెళ్తారే, ఆ కోరంగే. ఆ రోజుల్లో అది ఓడలు కట్టే ఊరు. 1843లో కోరంగి ప్యాకెట్ అనే ఓడ మనవాళ్లని తీసుకొచ్చిందని మారిషస్ తెలుగువాళ్లు చెప్పుకుంటారు. రేవు పేరే జాతి పేరయింది. తెలుగువాళ్లని అక్కడ 'కోరంగీలు' అన్నారు. బర్మాలోనూ అంతే. ఓడ దిగిన ప్రతి మనిషికీ ఒక నంబరు. రిజిస్టర్లో పేరు, తండ్రి పేరు, ఊరు, కులం, ఎత్తు, ఒంటిమీద మచ్చ. ఆ రిజిస్టర్లు ఇప్పుడు మోకా పట్టణంలో ఉన్న మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో భద్రంగా ఉన్నాయి. ముత్తాత ఎవరో తెలుసుకోవాలంటే అక్కడివాళ్లు ఇవాళ్టికీ ఆ నంబరు పట్టుకునే వెతుక్కుంటారు.

ఇప్పుడు మళ్లీ ఫ్లాట్ ఐలాండ్‌కి వద్దాం. దాని పక్కనే గేబ్రియల్ అని ఇంకా చిన్న దీవి ఉంది. ఓడలో కలరా గానీ మశూచి గానీ కనబడితే ఆ ఓడని రేవుకి రానిచ్చేవాళ్లు కాదు. మనుషుల్ని ఈ దీవుల్లో దించేవాళ్లు. 1856 జనవరిలో కలకత్తా నుంచి హైదరీ, ఫతే ముబారక్ అని రెండు ఓడలొచ్చాయి. కలరా ఉందని అందులోని 656 మందిని గేబ్రియల్ మీద దింపారు. నీడ లేదు, చాలినంత తిండి లేదు, నీళ్లు లేవు. 284 మంది అక్కడే చనిపోయారు. వీళ్లు బెంగాల్, బీహార్ వైపు నుంచి వచ్చినవాళ్లు. కానీ అదే నియమం మద్రాసు నుంచి వచ్చే ఓడలకీ, కోరంగి నుంచి వచ్చే ఓడలకీ ఉంది. ఆ సంగతి బయటపడ్డాక, ఆ ఏడాది అక్టోబరులో భారత ప్రభుత్వం మారిషస్‌కి కూలీల్ని పంపడం కొంతకాలం ఆపేసింది. ఆ తర్వాతే ఫ్లాట్ ఐలాండ్ మీద క్వారంటైన్ కోసం సరైన కట్టడాలు లేచాయి. శిథిలాలు ఇప్పటికీ ఉన్నాయి.

ఆ రోజుల్లో ఫ్లాట్ ఐలాండ్ రాళ్లకింద నారింజ తోక నలికిరి ఉంది. ఉండి తీరాలి, ఎందుకంటే అది వేరే చోటినుంచి వచ్చింది కాదు. దీపస్తంభం కట్టిన మేస్త్రీలు, రోగుల్ని లెక్కపెట్టిన డాక్టర్లు, గుంతలు తవ్విన కూలీలు ఎవరో ఒకరు దాన్ని చూసే ఉంటారు. దాని ఉనికిని పట్టించుకుని నమోదు చేసింది మాత్రం 1995లో. అదే ఏడాది, మారిషస్ మూలాలున్న ఫ్రెంచి రచయిత లె క్లెజియో 'లా కారాంటేన్' అనే నవల ప్రచురించాడు. ఆయనకే 2008లో నోబెల్ వచ్చింది. ఆ నవల జరిగేది ఈ ఫ్లాట్ ఐలాండ్ మీదే, క్వారంటైన్‌లో ఇరుక్కున్న యూరోపియన్ ప్రయాణికులూ భారతీయ కూలీల మధ్య. నూటపాతికేళ్లకి పైగా ఎవరికీ పట్టని దీవి ఒకే ఏడు నవలలోకీ, జంతుశాస్త్రంలోకీ వచ్చింది. యాదృచ్ఛికమే. కానీ ఆ దీవిలో చనిపోయిన మనుషులూ, బతికున్న నలికిర్లూ అన్నాళ్లూ ఒకే రకమైన మరుపులో ఉన్నారని దీనివల్ల తెలుస్తుంది.

1998లో ఫ్లాట్ ఐలాండ్ మీద ఎలుకల్నీ చిట్టెలుకల్నీ పిల్లుల్నీ పూర్తిగా తీసేశారు. నలికిరి నిశ్చింతగా బతకాల్సిన కాలం అది. ముందుజాగ్రత్తగా 2008 నుంచి 2010 మధ్య కొన్నింటిని పట్టి, దగ్గర్లోనే ఉన్న గన్నర్స్ క్వోయిన్ అనే దీవిలో వదిలారు. ఆ పని అప్పుడు చేయకపోతే ఈ వ్యాసం ఒక సంస్మరణ అయ్యేది. ఎందుకంటే 2010లోనే చుంచు దిగింది. పడవ మీద తప్ప అది రావడానికి ఇంకో దారి లేదు. ఎవరి పడవలోనో, ఏ సంచిలోనో. రెండున్నర వందల హెక్టార్ల దీవిని ఒక గుప్పెడు ప్రాణి ఖాళీ చేసేసింది. ఇప్పుడు ఆ నలికిరి వంశం నిలబడింది గన్నర్స్ క్వోయిన్‌కి తరలించిన వాటి వల్లే.

ఇక్కడ ఆ 'ఇండియన్' అనే మాట దగ్గర ఆగాలి. మారిషస్ జంతువుల చరిత్ర చదువుతుంటే ఈ విశేషణం పదేపదే తగులుతుంది. ఇండియన్ చుంచు, ఇండియన్ ముంగిస, ఇండియన్ మైనా. చదివేవాడి మనసులో తెలియకుండానే ఒక బొమ్మ తయారవుతుంది. ఇండియా నుంచి ఏదో వరదలా వచ్చింది, దీవి సొంత ప్రాణుల్ని ముంచేసింది అని. అదే దీవి చరిత్రలో 'ఇండియన్ ఇమిగ్రెంట్' అనే మాట కూడా ఉంది కదా. రెండు మాటలూ పక్కపక్కన పెట్టుకుని ఏదో అర్థం లాగేవాళ్లకి లోటు ఉండదు.

ఒక్కొక్కటీ విప్పి చూస్తే ఆ బొమ్మ నిలబడదు. ముంగిస సంగతి చూడండి. 1899లో మారిషస్‌కి ప్లేగు వచ్చింది. ఎలుకల్ని చంపుతాయని 1900లో ముంగిసల్ని కావాలని వదిలారు. అది పాలకుల నిర్ణయం. కూలీని ఎవరూ అడగలేదు. తొండ కథ ఇంకా తమాషా. మా ఊళ్లో ప్రతి కంప మీదా తల ఊపుతూ కూచునే తొండ ఇప్పుడు మారిషస్‌లోనూ ఉంది. అక్కడివాళ్లు దాన్ని పిలిచే పేరు 'కమెలియోఁ', అంటే ఊసరవెల్లి. తొండ ముదిరి ఊసరవెల్లి అయిందని మనం సామెతగా అంటాం. సముద్రం దాటాక తొండ నిజంగానే ఊసరవెల్లి అయింది. కానీ అది వెళ్లింది కోరంగి నుంచి కాదు. 1865 ప్రాంతంలో జావా నుంచి వచ్చిన చెరుకు ముక్కలతో పాటు పక్కనున్న రీయూనియన్ దీవికి చేరింది. 1900 ప్రాంతానికి మారిషస్‌లో ఉంది. పైగా, ఆసియా అంతా ఒకే తొండ అనుకున్నది దగ్గరి చుట్టాలైన కొన్ని జాతుల గుంపు అని 2021లో వచ్చిన పరిశోధన తేల్చింది. కాబట్టి దాని పాస్‌పోర్టు మీద ఏ దేశం ముద్ర వేయాలన్నా అంత తేలిక కాదు.

ఈ ప్రాణుల్ని కదిలించింది చెరుకు. చెరుకు కోసం అడవి నరికారు, చెరుకు కోసం ఆఫ్రికా నుంచి బానిసల్ని తెచ్చారు, బానిసత్వం పోయాక మన దేశం నుంచి కూలీల్ని తెచ్చారు. చెరుకు ముక్కలతో తొండ వచ్చింది, చెరుకు ఎగుమతి చేసే రేవుకి ఎలుక వచ్చింది, ఎలుక కోసం ముంగిస వచ్చింది. 'ఇండియన్' అనే ముద్ర పక్కన 'చక్కెర' అని కూడా రాసి ఉంటే లెక్క సరిపోయేది.

ఈ రాకపోకలు ఒకే దిక్కుకి నడవలేదు. మా వైపు పొలం గట్ల మీద, కాలువ కట్టల మీద ఎక్కడ చూసినా సర్కారు తుమ్మ. మేం కంపచెట్టు అంటాం. నంద్యాల నుంచి ఆళ్లగడ్డ దాకా బస్సు కిటికీలోంచి చూడండి, పచ్చగా ఉన్నదాంట్లో సగం అదే. అది మన చెట్టు కాదు. 1877లో జమైకా నుంచి విత్తనాలు తెప్పించి కడప జిల్లా కమలాపురం దగ్గర నాటారు. జమైకా కూడా మారిషస్ లాంటి చక్కెర దీవే, అక్కడికీ మన కూలీలు వెళ్లారు. 1877 అంటే ధాత కరువు. కర్నూలు, కడప, బళ్లారి జిల్లాల్లో జనం పిట్టల్లా రాలిపోతున్న కాలం. కరువు సీమ మనుషుల్ని చక్కెర దీవులకి పంపిన సామ్రాజ్యమే, చక్కెర దీవి నుంచి ముళ్లచెట్టుని కరువు సీమకి తెచ్చింది.

ఆ చెట్టు మా భూగర్భ జలం తాగేసిందనీ, గడ్డి మొలవనివ్వదనీ తిట్టేవాళ్లున్నారు. అది నిజం. నాలుగు తరాలుగా దాని కట్టెలతో వంట చేసుకున్నవాళ్లూ, దాన్ని కాల్చి బొగ్గులమ్ముకుని పిల్లల్ని చదివించినవాళ్లూ ఉన్నారు. అదీ నిజమే. మా ఊరి తొండ తల ఊపుతూ కూచునేది జమైకా ముళ్లకంప మీద. దానికేమీ పరాయితనం కనబడదు.

పరాయితనం అనే మాట తెలుగువాళ్లకి కొత్త కాదు. లోకల్, నాన్‌లోకల్ అనే లెక్కల్లోనే మనం ఉద్యోగాలూ సీట్లూ పంచుకున్నాం. 1975 రాష్ట్రపతి ఉత్తర్వులు వచ్చాక కర్నూలు, కడప, అనంతపురం, చిత్తూరు నాలుగో జోన్ అయ్యాయి. ఎక్కడ వరసగా నాలుగేళ్లు చదివితే అక్కడ లోకల్. 2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా ఏర్పడి, దొర్నిపాడు కర్నూలు జిల్లాలోంచి బయటికొచ్చింది. నిద్రలేచేసరికి మా జిల్లా మారింది, మేం కదల్లేదు. మనుషులకి స్థానికత అనేది అట్లాంటిది. కాగితం మీద మారుతుంది, కాపురం ఉంటే వస్తుంది. నాలుగేళ్లు చదివితే చాలంది సర్కారు. నాలుగు తరాలు ఒక నేల మీద చెమటోడ్చినవాళ్లకి ఇంకేం రుజువు కావాలి? ఇవాళ మారిషస్ జనాభాలో దాదాపు మూడింట రెండు వంతులు భారత సంతతి. ఉగాది అక్కడ దేశమంతా సెలవు. 1990లో మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు అక్కడే జరిగాయి. వాళ్లు ఆ దీవి మనుషులు. ఈ మాటలో ఎక్కడా 'కానీ' లేదు.

నలికిరి స్థానికత వేరు. దానికి ఇంకో చోటు లేదు. ఇంకో జోన్‌కి బదిలీ లేదు. మనిషి కొత్త నేలమీద దిగి, భాష నేర్చుకుని, గుడి కట్టుకుని, ఆ నేలకి చెందగలడు. నలికిరి తన నేలకి మాత్రమే చెందుతుంది. అందుకే చుంచుని ఆ దీవులకి చేరనివ్వకుండా ఆపాలి అంటే నేను ఏ మొహమాటమూ లేకుండా ఒప్పుకుంటాను. మనుషుల విషయంలో అదే మాట ఎవరైనా అంటే అస్సలు ఒప్పుకోను. ఈ రెండిటి మధ్య తేడా చెరిపేసేవాళ్లు చుంచు గురించీ నిజం చెప్పరు, మనిషి గురించీ చెప్పరు.

మారిషస్ వైల్డ్‌లైఫ్ ఫౌండేషన్ 1984లో ఏర్పడింది. ఆ దేశపు అటవీ అధికారులతో కలిసి ఈ రాతి దీవుల్ని కాపాడే పని చాలావరకు వాళ్లే చూస్తున్నారు. ఇప్పుడు రౌండ్ ఐలాండ్‌లో పనికి వెళ్లేవాళ్లెవరైనా, పడవ ఎక్కేముందు సామాను మొత్తం విప్పి చూపించాలి. బూట్ల అడుగున గడ్డిగింజ అంటుకుందా, సంచి మడతలో చీమ ఉందా, బియ్యం డబ్బాలో ఏదైనా దూరిందా అని ఒక్కొక్కటీ వెతుకుతారు. అది అయ్యేదాకా సామాను కదలదు.

ఆ తనిఖీకి వాళ్లు వాడే మాట కూడా క్వారంటైనే. 1856లో మారిషస్‌ని కూలీల నుంచి కాపాడటానికి మనుషుల్ని చిన్న దీవుల మీద వదిలేసి, చచ్చేవాళ్లని చావనిచ్చారు. ఇప్పుడు చిన్న దీవుల్ని కాపాడటానికి మనుషులు తమ సంచుల్ని తామే విప్పుకుంటున్నారు. సంచి విప్పేవాళ్లలో ఆనాడు నంబరు తగిలించుకుని దిగినవాళ్ల మునిమనవలూ ఉంటారు, టెల్ఫెయిర్ లాంటివాళ్ల చెరుకుతోటల్లో బానిసలుగా బతికినవాళ్ల మునిమనవలూ ఉంటారు. గన్నర్స్ క్వోయిన్ మీద రాయి ఎత్తితే ఇంకా ఒక నారింజ తోక చటుక్కున జారిపోతోంది.